ఐ5-1235యూనా, రైజెన్ 5 5625యూనా? రెండూ వాడుతున్న అనుభవంతో

మీ తమ్ముడు బీటెక్ సీఎస్‌ఈలో చేరుతున్నాడని, ఒకే ధరకి రెండు లాప్‌టాప్‌లు చూశామని, ఒకదాంట్లో ఇంటెల్ కోర్ ఐ5-1235యూ, ఇంకోదాంట్లో ఏఎమ్‌డీ రైజెన్ 5 5625యూ ప్రాసెసర్లు ఉన్నాయని, ఏది వేగమో చెప్పమని అడిగారు. రెండింట్లోనూ 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ అని కూడా రాశారు.

ముందు సూటిగా జవాబు. క్షణాల్లో అయిపోయే పనుల్లో ఇంటెల్ కొంచెం ముందుంటుంది. నిమిషాల తరబడి ఆగకుండా నడిచే పనుల్లో రైజెన్ ముందుంటుంది. రెండింటి మధ్య తేడా మాత్రం మీరు భయపడుతున్నంత పెద్దది కాదు. మీ ప్రశ్న చదివినప్పుడు నాకు అసలు టెన్షన్ పెట్టింది ఆ 8 జీబీ. దాని గురించే ఎక్కువ రాస్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

నేను హైదరాబాద్‌లో జావా డెవలపర్‌గా పనిచేస్తున్నాను. ఆఫీసులో ఇచ్చిన లాప్‌టాప్‌లో 1235యూ ఉంది. ఇంట్లో మా చెల్లి ఎంసీఏ కోసం కొన్నదాంట్లో 5625యూ ఉంది. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి. స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లో నేను సొంతంగా రాసుకుంటున్న ప్రాజెక్టు ఒకటుంది, దాన్నే రెండింటి మీదా నడిపి చూస్తుంటాను. కింద రాసేదంతా అలా చూసిందే.

మొదట లోపల ఏముందో. రెండూ 2022 మొదట్లో వచ్చినవే, రెండూ 15 వాట్ల తరగతివే. 1235యూ ఇంటెల్ 12వ తరం. అందులో 10 కోర్లు (అసలు లెక్కలు చేసే భాగాలు) ఉంటాయి కానీ అన్నీ ఒక రకం కావు. రెండు పెద్దవి, 4.4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తాయి. మిగతా ఎనిమిదీ చిన్నవి, కరెంటు పొదుపు కోసం పెట్టినవి, 3.3 గిగాహెర్ట్జ్ దాటవు. 5625యూలో జెన్ 3 డిజైన్‌తో ఆరు కోర్లు, ఆరూ సమానమే, 4.3 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తాయి. ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న వేగమైన మెమరీ) ఇంటెల్‌లో 12 ఎంబీ, రైజెన్‌లో 16 ఎంబీ. షాపులో "ఇది పది కోర్లు సార్, అది ఆరే" అని చెప్తారు. ఆ మాట పట్టించుకోకండి. పెద్ద కోర్లకే రెండేసి థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు) ఉంటాయి, చిన్నవాటికి ఒక్కోటే. కాబట్టి ఇంటెల్‌లో 4, 8 కలిపి 12 థ్రెడ్లు. రైజెన్‌లో ఆరు రెళ్లు 12. టాస్క్ మేనేజర్ తెరిస్తే రెండింట్లోనూ పన్నెండు గళ్లే కనిపిస్తాయి.

ఒక్క కోర్ మీద నడిచే పనిలో ఇంటెల్‌దే పైచేయి. ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్ ఆర్23 టెస్టు సింగిల్ కోర్‌లో 1235యూకి సుమారు 1600, 5625యూకి సుమారు 1400 పాయింట్లు వస్తాయి. అంటే పది పదిహేను శాతం తేడా. ఐడీఈ (కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్) తెరవడం, బరువైన వెబ్ పేజీ లోడ్ అవడం, పెద్ద ఎక్సెల్ షీట్‌లో ఫార్ములాలు లెక్క తేలడం లాంటివన్నీ ఈ కోవలోకే వస్తాయి. చూస్తే కంటికి కనిపిస్తుందా అంటే, రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒకేసారి క్లిక్ చేస్తే కనిపిస్తుంది. విడివిడిగా వాడితే ఎవరూ గుర్తుపట్టలేరు. మా చెల్లి నా లాప్‌టాప్ వాడినప్పుడు ఎప్పుడూ "నీది ఫాస్ట్‌గా ఉంది" అనలేదు. నాకూ తనది నెమ్మదిగా అనిపించలేదు.

బిల్డ్ (రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం) దగ్గరికొస్తే కథ మారుతుంది. ప్రాజెక్టులో ఒక్క మాడ్యూల్ మార్చి మళ్లీ కంపైల్ చేస్తే ఇంటెల్ ముందు ముగిస్తుంది. మొత్తం క్లీన్ చేసి, టెస్టులతో సహా మేవెన్ అనే టూల్‌తో బిల్డ్ ఇస్తే రైజెన్ ముందు ముగిస్తుంది. ఎందుకని హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి గమనించాను. అందులో ప్రాసెసర్ ఆ క్షణంలో ఎన్ని వాట్లు తాగుతోందో, ఏ కోర్ ఎంత వేగంతో నడుస్తోందో, ఎంత వేడెక్కిందో అన్నీ కనిపిస్తాయి. బిల్డ్ మొదలవగానే ఇంటెల్ 40 వాట్ల దగ్గరకి ఎగిరింది, పెద్ద కోర్లు 4 గిగాహెర్ట్జ్ దాటాయి. అర నిమిషంలోపే ఆ అంకె 15 వాట్లకి పడిపోయింది, పెద్ద కోర్లు కూడా 2 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలకి దిగిపోయాయి. అక్కడినుంచి బిల్డ్ అయ్యేదాకా అదే నడక. రైజెన్ అంత ఎత్తుకి ఎగరలేదు కానీ, 3 గిగాహెర్ట్జ్‌కి అటూఇటూగా ఆరు కోర్లనీ చివరిదాకా నడిపించుకుంటూ పోయింది.

ఇదేమీ ఇంటెల్ చిప్‌లో లోపం కాదు. 1235యూకి ఇంటెల్ ఇచ్చిన బేస్ పవర్ 15 వాట్లు, గరిష్ఠ టర్బో పవర్ 55 వాట్లు. ఈ రెండింటి మధ్య ఎంతసేపు, ఎంత ఎత్తులో నడపాలో లాప్‌టాప్ తయారు చేసిన కంపెనీ నిర్ణయిస్తుంది. సన్నటి బాడీ, ఒక్క ఫ్యాన్, చిన్న హీట్ పైపు ఉన్న మోడల్‌లో త్వరగా 15కి దించేస్తారు. కాస్త మందంగా ఉండి గాలి బాగా ఆడే మోడల్‌లో అదే చిప్‌ని 25 వాట్ల దాకా నిలకడగా నడిపిస్తారు. అలాంటి మోడల్ నా స్నేహితుడి దగ్గర ఉంది, అందులో ఇదే బిల్డ్ రైజెన్‌తో సమానంగా వచ్చింది. అందుకే యూట్యూబ్‌లో ఎవరో ఇంకో మోడల్ మీద 1235యూకి స్కోర్ చూపించారని మీరు కొనబోయేదానికీ అంతే వస్తుందనుకోవద్దు. చిప్ పేరుతో కాకుండా లాప్‌టాప్ మోడల్ నంబర్‌తో రివ్యూలు వెతకండి. రైజెన్‌కీ ఇదే వర్తిస్తుంది, కాకపోతే అది మొదట్లో అంతగా ఎగరదు కాబట్టి మోడల్‌కీ మోడల్‌కీ తేడా కొంచెం తక్కువ.

వేడి సంగతి చెప్పాలి, మన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. మాది ఖమ్మం. మే నెలలో మధ్యాహ్నం పూట ఏసీ లేని గదిలో రెండూ నెమ్మదిస్తాయి, ఫ్యాన్లు మోత మోగుతాయి. రివ్యూలు చేసేవాళ్లు చల్లటి గదిలో కూర్చుని కొలుస్తారు, మీ తమ్ముడు హాస్టల్‌లో మంచం మీద పరుపుపై పెట్టుకుని వాడతాడు. చాలా మోడళ్లలో గాలి లోపలికి వెళ్లే దారి అడుగునే ఉంటుంది. పరుపు మీద పెడితే అది మూసుకుపోతుంది, ప్రాసెసర్ తొంభై డిగ్రీలు దాటగానే వేగం తగ్గించుకుంటుంది. ఒక చెక్కో ప్లేటో కింద పెట్టమని చెప్పండి. ఈ రెండు ప్రాసెసర్ల మధ్య ఉన్న తేడా కంటే, ఒకే లాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టడానికీ పరుపు మీద పెట్టడానికీ మధ్య తేడా నాకు ఎక్కువగా కనిపించింది.

ఇక ర్యామ్. మీరు చూసిన రెండింట్లోనూ 8 జీబీ ఒకే స్టిక్‌గా ఉండే అవకాశమే ఎక్కువ. ఈ ధరలో అలాగే ఇస్తారు. దీంతో రెండు సమస్యలు.

ఒకటి, చాలకపోవడం. విండోస్ 11, క్రోమ్‌లో ఓ పది ట్యాబ్‌లు, ఒక ఐడీఈ, వెనకాల వాట్సాప్ తెరిస్తే చాలు, 8 జీబీ నిండిపోతుంది. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోకి గూగుల్ వాళ్లే స్టూడియో వరకు 8 జీబీ, ఎమ్యులేటర్ (లాప్‌టాప్‌లోనే నడిచే నకిలీ ఫోన్) కూడా కావాలంటే 16 జీబీ అని రాశారు. పైగా ఈ రెండు చిప్‌లకీ విడిగా గ్రాఫిక్స్ మెమరీ ఉండదు, ర్యామ్‌లోంచే తీసుకుంటాయి. రైజెన్ లాప్‌టాప్‌లలో కొంత భాగాన్ని బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల సాఫ్ట్‌వేర్) ముందే గ్రాఫిక్స్‌కి కేటాయించేస్తుంది. కొన్ని మోడళ్లలో అర జీబీ, కొన్నింట్లో ఏకంగా 2 జీబీ. అలాంటప్పుడు సెట్టింగ్స్‌లో 8 జీబీ అని ఉండి, పక్కనే 5.9 జీబీ మాత్రమే వాడుకోవచ్చు అని కనిపిస్తుంది. ర్యామ్ నిండాక విండోస్ ఎస్‌ఎస్‌డీ మీద రాయడం మొదలెడుతుంది. ఆ స్థితిలో ఏ ప్రాసెసర్ ఉన్నా ఒకటే, ట్యాబ్ మార్చినా ఒక క్షణం ఆగి చూడాల్సిందే.

రెండోది, సింగిల్ ఛానెల్. రెండు స్టిక్‌లు ఉంటే ప్రాసెసర్ రెండు దారుల్లో ఒకేసారి మెమరీతో మాట్లాడుతుంది. ఒక్కటే ఉంటే సగం దారి మూసేసినట్టే. మామూలు కోడింగ్‌లో ఇది పెద్దగా తెలియదు కానీ, ర్యామ్ మీదే ఆధారపడ్డ గ్రాఫిక్స్ మాత్రం చతికిలబడుతుంది. దీనికి కళ్లారా చూసిన సాక్ష్యం చెప్తాను. నా ఆఫీసు లాప్‌టాప్ వచ్చినప్పుడు అందులో ఒకే 8 జీబీ స్టిక్ ఉండేది. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ అన్న చోట "ఇంటెల్ యూహెచ్‌డీ గ్రాఫిక్స్" అని ఉండేది. స్పెసిఫికేషన్లలో మాత్రం ఐరిస్ ఎక్స్‌ఈ అని రాసి ఉంది. ఐటీ టీమ్‌ని అడిగితే ఇంకో 8 జీబీ స్టిక్ వేశారు. ఆన్ చేయగానే అదే చోట "ఇంటెల్ ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్" అని పేరు మారిపోయింది. చిప్ అదే, డ్రైవర్ అదే. డ్యూయల్ ఛానెల్ మెమరీ ఉంటేనే ఐరిస్ ఎక్స్‌ఈ అన్న పేరు వాడాలని ఇంటెల్ పెట్టుకున్న నిబంధన అది. పేరుతో పాటు పనితీరూ మారింది. బయట మానిటర్ తగిలించి విండోలు జరుపుతుంటే ఇదివరకు వచ్చే తడబాటు పోయింది.

చెల్లి లాప్‌టాప్‌కి కూడా అదే చేయించాం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, అందరూ సీటీసీ అంటారు, అక్కడికి తీసుకెళ్లాం. అతను అడుగు మూత తీసి, ఖాళీగా ఉన్న స్లాట్‌లో డీడీఆర్4 రకం, 3200 స్పీడున్న 8 జీబీ స్టిక్ ఏటవాలుగా గుచ్చి కిందికి నొక్కాడు, రెండు వైపులా క్లిప్పులు టక్కుమన్నాయి, అంతే పని. పాత స్టిక్ మీద స్పీడు ఎంతుందో చూసి అదే స్పీడుది వేయించుకోవాలి. మూత తీస్తే వారంటీ ఏమవుతుందన్నది కంపెనీని బట్టి ఉంటుంది, ముందుగా సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి అడగండి. ఆ తర్వాత చెల్లి ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ తెరిచి, పక్కన క్రోమ్ పెట్టుకుని, ఆన్‌లైన్ క్లాసు కూడా వింటూ పనిచేసుకోగలుగుతోంది. మొదట్లో ఈ మూడూ కలిపితే లాప్‌టాప్ మూలిగేది.

ఎమ్యులేటర్ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న విషయం. రైజెన్‌లో ఎమ్యులేటర్ గానీ, ఒక కంప్యూటర్ లోపల ఇంకోదాన్ని నడిపే వర్చువల్‌బాక్స్ గానీ నడవకపోతే, బయోస్‌లో వాటికి కావాల్సిన ఎస్‌వీఎమ్ అనే ఆప్షన్ ఆన్ చేసి ఉందో లేదో చూడమనండి. ఇంటెల్‌లో అదే వీటీ-ఎక్స్ అని ఉంటుంది. "ఏఎమ్‌డీలో ఆండ్రాయిడ్ స్టూడియో పనిచేయదు" అన్న పాత మాట ఇప్పటికీ కాలేజీల్లో తిరుగుతోంది. ఎమ్యులేటర్‌కి ఇంటెల్‌కి మాత్రమే పనికొచ్చే హ్యాక్స్ఎమ్ అనే సాఫ్ట్‌వేర్ అవసరమైన రోజుల్లో పుట్టిన మాట అది. ఇంటెల్ వాళ్లే హ్యాక్స్ఎమ్‌ని ఆపేశారు. ఇప్పుడు రెండింట్లోనూ హాయిగా నడుస్తుంది.

సిలబస్ పరంగా చూస్తే సీ, జావా, పైథాన్, డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్ ల్యాబ్‌లకి ఈ రెండూ ఎక్కువే. డీప్ లెర్నింగ్ ప్రాజెక్టుల దగ్గరికొస్తే రెండూ చాలవు, ఎందుకంటే వీటిలో ఎన్‌విడియా గ్రాఫిక్స్ ఉండదు, అది లేకుండా ఆ ప్రాజెక్టులు వాడుకునే CUDA అనే ఎన్‌విడియా సాఫ్ట్‌వేర్ నడవదు. అప్పుడు గూగుల్ కోలాబ్ (ఇంటర్నెట్‌లో గూగుల్ కంప్యూటర్ల మీద కోడ్ నడిపే సేవ) వాడుకుంటారు, అందరూ చేసేది అదే.

వీడియోల విషయంలో మాత్రం ఇంటెల్‌కి నిజమైన బలం ఒకటుంది. యూట్యూబ్ ఇప్పుడు చాలా వీడియోల్ని ఏవీ1 ఫార్మాట్‌లో ఇస్తోంది. 1235యూలోని గ్రాఫిక్స్ దాన్ని హార్డ్‌వేర్‌తోనే విప్పుతుంది. 5625యూలో ఉన్నది పాత వేగా గ్రాఫిక్స్, దానికి ఆ సదుపాయం లేదు, ప్రాసెసర్ కోర్లే ఆ పని మోయాలి. వీడియో ఆగిపోదు, కాకపోతే 4కే వీడియో చూస్తే బ్యాటరీ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది. ప్రీమియర్‌లో ఎడిటింగ్ చేసేవాళ్లకి ఇంటెల్ క్విక్‌సింక్ (చిప్‌లోనే వీడియోని వేగంగా మార్చే సదుపాయం) కూడా బాగా పనికొస్తుంది. మీ తమ్ముడికి రీల్స్ ఎడిటింగ్, యూట్యూబ్ ఛానెల్ లాంటి సరదా ఉంటే ఇది లెక్కలోకి తీసుకోండి. గేమ్స్ సంగతైతే రెండూ దగ్గరదగ్గరే, వాలరెంట్ లాంటివి రెండింట్లోనూ ఆడొచ్చు, అదీ రెండు స్టిక్‌లు ఉంటేనే.

బ్యాటరీ మీద నడిపితే రైజెన్ వేగం అందుకోవడానికి కొంచెం సమయం తీసుకుంటుంది. చార్జర్ పీకేశాక ఐడీఈ తెరిస్తే నాకు అది తెలుస్తుంది. బ్యాటరీ ఎక్కువసేపు రావడానికి అలా సెట్ చేస్తారు. క్లాసుల్లో నోట్స్ రాసుకునేవాడికి అది మంచిదే. చెల్లి లాప్‌టాప్ నాదాని కంటే ఎక్కువసేపు వస్తుంది, కాకపోతే రెండింటి బ్యాటరీల సైజులు వేరు, కాబట్టి ఆ ఘనత మొత్తం ప్రాసెసర్‌దే అనను.

ఒక జాగ్రత్త. 5625యూ స్టాక్ లేదని చెప్పి "ఇది ఇంకా కొత్తది సార్, 7520యూ" అని అంటగట్టబోతే వద్దనండి. పేరులో 7 చూసి మోసపోయేవాళ్లు చాలామంది ఉన్నారు, నాకు ఇది చూస్తే నిజంగా బాధేస్తుంది. ఏఎమ్‌డీ 7000 సిరీస్ పేర్లలో మొదటి అంకె ఏ సంవత్సరం మోడలో చెప్తుంది, లోపలి డిజైన్ ఏ తరానిదో చెప్పేది మూడో అంకె. 7520యూలో మూడో అంకె 2, అంటే పాత జెన్ 2. కోర్లు నాలుగే, ఎల్3 క్యాష్ 4 ఎంబీయే, గ్రాఫిక్స్ కూడా చిన్నది. ర్యామ్ బోర్డు మీదే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకునే దారే లేదు. 7530యూ అయితే పర్లేదు, అది 5625యూకి దాదాపు అన్నదమ్ముడు, జెన్ 3యే, ఆరు కోర్లే. ఇంటెల్ వైపు కూడా ఐ3-1215యూ చూపిస్తారు. అందులో పెద్ద కోర్లు రెండే ఉన్నా చిన్నవి నాలుగే. తక్కువ ధరకి వస్తే అది చెడ్డ బేరం కాదు కానీ, ఐ5 ధరకి మాత్రం తీసుకోవద్దు.

ఇప్పుడు మీ స్థానంలో నేనుంటే ఏం చేస్తాననేది. రెండు లాప్‌టాప్‌లలో దేనికి ఖాళీ ర్యామ్ స్లాట్ ఉందో దాన్ని తీసుకుంటాను, అది ఇంటెల్ అయినా రైజెన్ అయినా. రెండింటికీ ఉంటే సీఎస్‌ఈ కుర్రాడికి 5625యూ తీసుకుంటాను, ఎందుకంటే మూడో సంవత్సరం నుంచి అతని పనులన్నీ నిమిషాల తరబడి నడిచేవే, అలాంటి పనుల్లో అది నిలకడగా నడుస్తుంది. వీడియో పని ఉందంటే 1235యూ. అసలు ఏ ఒక్కదానికీ ఖాళీ స్లాట్ లేకపోతే, రెండూ వదిలేసి, ఇంకొంచెం డబ్బు కూడాక 16 జీబీ ఉన్న మోడల్ తీసుకోవడమే మంచిది. బీటెక్ నాలుగేళ్లు 8 జీబీతో లాగడం చాలా కష్టం.

షాపులో డెమో పీస్ ఆన్ చేసి ఉంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే కింద ర్యామ్ స్పీడు, "స్లాట్స్ యూజ్డ్" అని ఉంటాయి. అక్కడ రెండింట్లో ఒకటి అని కనిపిస్తే ఇంకో స్టిక్‌కి చోటున్నట్టే. కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డు మీదే అతికించినా ఈ అంకె తికమకగా చూపిస్తుంది, అందుకని కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ పేజీలో కూడా ఒకసారి సరిచూసుకోండి. లాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద పూర్తి మోడల్ నంబర్ ఉంటుంది. రెండింటివీ ఇక్కడ రాస్తే స్లాట్ల సంగతి, ఆ మోడళ్లలో వాట్లు ఎంత పెట్టారన్నది నేను కూడా వెతికి చెప్తాను.